ఖాళీ పడవ తిరుగు ప్రయాణం

శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకు కరెంటు వచ్చింది. మాదాపూర్‌లో ఆ రోజుల్లో కరెంటు పోవడం, రావడం ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. గదిలో కంప్యూటర్లు ఒక్కొక్కటే లేచాయి. మా కంపెనీ జీపు నడిపే డ్రైవరు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. నేను అతని వెనక నిలబడ్డాను. అలా వెనక నిలబడటమే నా ఉద్యోగం.

తొంభైల చివరి సంగతి ఇది. గుండ్రటి అద్దాల భవనం అప్పుడే తెరిచారు. దాని చుట్టూ బండరాళ్లు, వాటిని పగలగొట్టే చప్పుడు, ఎర్రదుమ్ము. మాది ఆ భవనంలో ఉండే స్థాయి కంపెనీ కాదు. దాని వెనక సందులో కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు. వంటగదిలో బొమ్మలు వేసేవాళ్లు కూర్చునేవారు. పూజగదిలో చల్లగా ఉంటుందని పెద్ద కంప్యూటర్ పెట్టారు. దానికి బొట్టు కూడా ఉండేది.

అంతకుముందు నేను ఒక ప్రభుత్వ కర్మాగారంలో కంట్రోల్ ప్యానెళ్లు పరీక్షించేవాణ్ణి. మీట ఎక్కడ ఉంటే మనిషి తడబడతాడు, దీపం ఏ రంగులో ఉంటే గమనించడు అని చూడటం నా పని. భార్య పోయాక స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మౌలాలిలో ఇల్లు. అక్కడినుంచి మాదాపూర్ రావడానికి రెండు బస్సులు మారాలి. దూరం ఎక్కువని అందరూ వద్దన్నారు. దూరం ఎక్కువనే నేను ఒప్పుకున్నాను. కంప్యూటర్ ఆటలు పరీక్షించే కంపెనీకి నాలాంటివాడు ఎందుకని అడిగితే, మా యజమాని, "పిల్లలకు ఆటలు ఆడటం వచ్చండి మాస్టారూ, చూడటం రాదు" అన్నాడు. ఆయనది విజయవాడ. నేను ఎవరికీ పాఠం చెప్పకపోయినా చివరిదాకా నన్ను మాస్టారనే పిలిచాడు.

మా పని ఒక విదేశీ సంస్థ పాత ఆటను కొత్త కంప్యూటర్ల కోసం మళ్లీ తయారుచేయడం. మీరంతా ఇప్పుడు రీమేక్ అనే మాటను తేలిగ్గా వాడుతున్నారు. అప్పుడు మాకు ఆ మాట సినిమాల వల్లే తెలుసు.

ఆట చిన్నది. వరదొచ్చిన ఏరు. ఈ ఒడ్డు మునిగిపోతోంది. ఇక్కడి మనుషుల్ని ఒక్కొక్కరిగా అవతలి ఒడ్డుకు చేర్చాలి. మీరు పడవవాడు. మేకను ఒళ్లో పెట్టుకున్న ఆవిడ ఉంటుంది, ఆ మేక కుదురుగా ఉండదు. ఏటి మధ్యలో లేచి నిలబడే ముసలాయన ఉంటాడు. ఒక పక్కకే ఒరిగి నీళ్లలో చెయ్యి పెట్టే పిల్ల ఉంటుంది. పడవ ఒరగకుండా, సుడిలో పడకుండా చూసుకోవాలి. మనిషిని దింపాక పడవ తిరిగి రావాలి కదా. అది తనంతట తనే వస్తుంది, ఖాళీగా. వచ్చేటప్పుడు సుడులుండవు, రాళ్లుండవు, మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. ఏరు, మెల్లగా దగ్గరయ్యే ఒడ్డు, అంతే.

దీనికి కారణం తత్వం కాదు. పాత కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి తక్కువ. ఖాళీ పడవ వెనక్కి వచ్చేలోగా అది ఫ్లాపీ నుంచి తరవాతి మనిషిని చదువుకోవాలి. తయారుచేసినవాళ్లకు ఆ సమయం కావాలి, అందుకని పడవను మెల్లగా రప్పించారు. కొత్త కంప్యూటర్‌కు ఆ అవసరం లేదు. కాబట్టి ఖాళీ పడవను ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న మొదటి రోజు నుంచీ ఉంది. ఈ జ్ఞాపకం దాని గురించే.

ఇక శుక్రవారం పరీక్ష. నేను కర్మాగారం నుంచి తెచ్చిన పద్ధతి అది. వారానికి ఒకరోజు, ఆటతో సంబంధం లేని వాళ్లను కూర్చోబెట్టి ఆడించేవాళ్లం. నేను వెనక నిలబడి స్క్రీన్ వైపు కాకుండా వాళ్ల చేతుల వైపు చూసేవాణ్ణి. చెయ్యి మీటల మీద నుంచి లేచిన చోటల్లా గుర్తు పెట్టేవాణ్ణి. చెయ్యి లేచిందంటే అక్కడ ఆట మనిషిని వదిలేసిందని అర్థం. దాన్ని ఆఫీసులో చేతి పరీక్ష అనేవారు. అది చాలా తప్పులు పట్టిచ్చింది. యజమానికి దానిమీద గురి కుదిరింది.

ఆ శుక్రవారం డ్రైవరు మేకావిడను ఒడ్డు చేర్చాడు. పడవ వెనక్కి తిరిగింది. అతని రెండు చేతులూ లేచాయి.

"ఇగ నేనేం చెయ్యాలె సార్?"

"ఏమీ చేయక్కర్లేదు. పడవ అదే వస్తుంది."

"అదే వస్తదా? మరి నేనెందుకు ఈడ?"

వెనకున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు, సమస్యను నిజంగానే ఆలోచించాడు.

"ఖాళీ వాపస్ అంటే నాకు తెల్వదా సార్. రోజు పొద్దుమీకి మిమ్ములనందర్ని అమీర్‌పేటల దింపి ఉత్త బండి కొట్టుకొని వస్త. పరేషాన్ అయితది. జర ఆ ఒడ్డు మీద గూడ ఒక సవారిని పెట్టుండ్రి. ఆయనకు ఇటు పనుంటది, మనకు బండి నిండుతది."

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న యజమాని చప్పట్లు కొట్టాడు. "ఇదండీ. రాసుకోండి మాస్టారూ. వచ్చేటప్పుడూ ప్రయాణికుడు. ఆట రెట్టింపవుతుంది."

గదిలో ఒక్కరే దానికి అడ్డు చెప్పారు. ఆటలో నీళ్ల కదలికంతా ప్రోగ్రాంగా రాసిన అమ్మాయి. నల్లగొండ జిల్లా నుంచి వచ్చింది, ముప్పైకి దగ్గర పడుతున్న వయసు. అందరూ నీళ్ల మేడం అనేవారు.

"అన్నా, ఈ ఒడ్డు మునుగుతుంది. అందరు పానం కోసం అటు పోతున్నరు. అటు నుంచి ఇటు ఎవడొస్తడు?"

"గట్లెట్ల అంటవమ్మా," అన్నాడు డ్రైవరు. "ఏదో మర్చిపోయొచ్చినోడు ఒక్కడన్న ఉంటడు."

నేను చేతులు లేచిన చోటు గుర్తు పెట్టుకున్నాను. ఆ చోటు ప్రతి శుక్రవారమూ అదే.

నీళ్ల మేడం పట్టుదలకు కారణం సూటిగా ఉండేది. అటు వెళ్లేటప్పుడు ఆడేవాడి కళ్లు పడవలో మనిషి మీద ఉంటాయి. నీళ్లను ఎవరూ చూడరు. పడవ ఖాళీగా వచ్చేటప్పుడే తెర మీద చూడటానికి నీళ్లు తప్ప మరేమీ ఉండదు. "నా పని కనబడే జాగ అదొక్కటే సార్" అనేది. ఆ నీళ్ల కోసం ఆమె మధ్యాహ్నం భోజనం వేళ దుర్గం చెరువు గట్టుకు నడిచి వెళ్లేది. కొన్నిసార్లు నేనూ వెళ్లాను. అప్పుడు అక్కడ రాళ్లు, తుప్పలు, మేకలు కాసేవాళ్లు తప్ప జనం లేరు. ఆమె టిఫిన్ డబ్బా మూత మీద చెయ్యి ఆనించి నీళ్లకేసి చూస్తూ కూర్చునేది. నేను కొంచెం దూరంలో కూర్చునేవాణ్ణి. ఇద్దరికీ మాట్లాడాల్సిన అవసరం కనిపించేది కాదు. ఆ కంపెనీలో నాకు ఉన్న స్నేహం అంతే. చాలినంతే ఉండేది.

ఇక్కడ కొత్త ఆట పక్షాన కొన్ని మాటలు చెప్పాలి. పాతదంతా బంగారమని చెప్పడానికి నేను కూర్చోలేదు.

పాత ఆటలో మనుషులంటే రంగు గడులు. మేక తెల్ల గడి. ముసలాయన ఎందుకు లేచి నిలబడతాడో తెలిసేది కాదు, అది ఆటలో ఒక చికాకు మాత్రమే. మా బొమ్మల వాళ్లు ఆయనకు మొహం ఇచ్చారు. అప్పుడు ఆయన మునిగిపోతున్న తన ఇంటిని చూడటానికి లేస్తాడని తెలిసింది. అది మేము కొత్తగా కల్పించిందో, పాతవాళ్ల మనసులో ఉండి వాళ్ల కంప్యూటర్ చూపించలేకపోయిందో నాకు తెలియదు. ఏదైనా అది మెరుగే. పాత ఆటలో ఓడిపోతే మొదటి మనిషి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, అది ఒట్టి క్రూరత్వం. దాన్ని తీసేశాం. రెండు మీటలు ఒకేసారి నొక్కితే పడవ సుడిలోంచి ఎగిరి బయటపడే లోపం ఒకటి ఉండేది. దాన్నీ సరిచేశాం. ఆట బయటికొచ్చాక అన్నిటికంటే ఎక్కువ తిట్లు తెచ్చింది ఆ దిద్దుబాటే. జనం ఆ లోపాన్ని ప్రేమించారు.

ఆ విదేశీ సంస్థ అప్పటికే ఈ ఆటకు కొనసాగింపులు చాలా తీసింది. అవన్నీ నేను ఉద్యోగధర్మంగా ఆడాను. రెండో భాగంలో పడవవాడి కూతురు తెడ్డు పట్టింది, అది బాగుంది. మూడో దాంట్లో ఆమెకు తుపాకి ఇచ్చారు. అయినా సిరీస్ మొత్తానికి మంచి పొగమంచు ఆ మూడో దాంట్లోనే ఉంది. చెడ్డ ఆటలో కూడా ఒక మూల ఎవరో ఒకరు శ్రద్ధగా పనిచేసి ఉంటారు. నాలుగో భాగానికి పడవ పందేలు వచ్చాయి. ఐదో దాంట్లో పడవ ముందు ఒక నీటిపిల్లి కూర్చుని ఆపకుండా మాట్లాడుతుంది. ఒక భాగం తరవాత ఒకటి వరసగా ఆడితే నాకు అనిపించింది ఏమిటంటే, తీసినవాళ్లు ఆడేవాడి మౌనానికి భయపడుతూ వచ్చారు. ప్రతి భాగంలోనూ ఖాళీ కొంచెం తగ్గింది. ఐదో భాగంలో అసలు లేదు. ఎవరూ కూర్చుని తీసేద్దామని నిర్ణయించలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే ఏదో ఒకటి పెట్టారు.

తెడ్డు చప్పుడు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను తరవాత చాలా తికమక పెట్టింది. పాత ఆట అభిమానులు విదేశీ సంస్థకు రాస్తూ, ఖాళీ పడవ వచ్చేటప్పటి తెడ్డు చప్పుడు మాత్రం మార్చొద్దని కోరారట. మేము వెతికాం. పాత ఆటలో తెడ్డు చప్పుడు లేదు. పాత కంప్యూటర్ తెప్పించి ఆడి చూస్తే తెలిసింది. తరవాతి మనిషిని చదువుకునేటప్పుడు ఫ్లాపీ పెట్టె చేసే కరకర అది. పడవ కదిలే లయకు అనుకోకుండా సరిపోయింది. ఇన్నేళ్లుగా వాళ్లు విన్నది ఆటలో లేదు. కొత్తదాంట్లో మేము నిజమైన తెడ్డు చప్పుడు పెడితే, అదే పాత చప్పుడు అని వాళ్లు సంతోషించారు.

దాంతో నాకు నా మీద అనుమానం మొదలైంది. ఖాళీ పడవ నాకూ ఇష్టం. చేతి పరీక్షలో నేనే దాన్ని తప్పుగా గుర్తు పెడుతూ, నా వంతు వచ్చినప్పుడు మాత్రం ఆ కాసేపూ కదలకుండా చూసేవాణ్ణి. ఇష్టపడేది ఆటలో ఉన్నదాన్నా, లేక నాలోని పెట్టె చేసే చప్పుడునా?

భార్యకు చికిత్స జరిగిన నెలల్లో ఆమెను ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. చివరిసారి ఒక్కణ్ణే వచ్చాను. ఆటోలో ఆమె కూర్చునే వైపు ఆమె చెప్పులు పెట్టిన సంచీ ఉంది. నేను దాన్ని ఒళ్లోకి తీసుకోలేదు, అలా ఉండనిచ్చాను. ఈ పోలికను ఇంతకంటే సాగదీయను. ఖాళీ పడవ చూసినప్పుడల్లా నాకు అది గుర్తొచ్చేది కాదు కూడా. ఏమీ గుర్తొచ్చేది కాదు. ఆ రోజుల్లో అలాంటి చోటు నాకు మరొకటి లేదు.

విదేశీ సంస్థ ప్రతినిధి ఒక బుధవారం వచ్చాడు. మా పని నచ్చితే సిరీస్‌లో ఆరో భాగం మొత్తం మాకే ఇస్తారని యజమాని అందరికీ చెప్పి ఉంచాడు. మెట్లకు సున్నం వేయించాడు. ఉదయం నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఆయన ఖాళీ పడవ సంగతి తేల్చేసి వెళ్తారండి. మన దగ్గర మూడు దారులున్నాయి. ప్రయాణికుణ్ణి పెట్టడం, మొసళ్లను పెట్టడం, తీసేయడం. అడిగితే మీ పరీక్షలో తేలింది చెప్పండి, చాలు" అన్నాడు.

"ఉంచడం నాలుగో దారండి" అన్నాను.

"అది దారి కాదండి, ఉన్నచోటే నిలబడటం."

నీళ్ల మేడం కూడా వచ్చింది. "సార్, చేతులు లేసినయ్ అని మాత్రమే చెప్పకుండ్రి. ఎందుకు లేసినయో చెప్పుండ్రి."

"ఎందుకు లేచాయో మన పరీక్ష చెప్పదమ్మా."

"మీరు చెప్తరు కద."

వచ్చినాయన పెద్దమనిషి, తక్కువ మాట్లాడేవాడు. నాలుగు, ఐదు భాగాలకు పనిచేశానని కొంచెం మొహమాటంగా చెప్పాడు. ముందు పాత ఆట ఆడాడు, తరవాత మాది. నేను వెనక నిలబడ్డాను. మేకను చూసి నవ్వాడు. ఆవిడను దింపాడు. పడవ తిరిగింది. ఆయన రెండు చేతులూ లేచాయి. ఒకటి బల్ల మీదికి, ఒకటి గడ్డం కిందికి వెళ్లాయి. బయట బండలు కొడుతున్న చప్పుడు భోజనం వేళని ఆగి ఉంది. నీళ్లు ఆయన ముందు నుంచి వెనక్కి జరిగాయి. ఒడ్డు వచ్చింది. ముసలాయన పడవెక్కడానికి నిలబడ్డాడు. అయినా వచ్చినాయన చేతులు వెంటనే మీటల మీదికి రాలేదు.

మరో ఇద్దరిని దాటించాక కుర్చీ తిప్పి, నన్ను ఇంగ్లీషులో అడిగాడు. "మీరేం గుర్తు పెట్టుకుంటున్నారు?"

యజమాని చేతి పరీక్ష గురించి గర్వంగా చెప్పాడు.

"ఖాళీ పడవ దగ్గర ఎందరి చేతులు లేస్తాయి?"

"అందరివీ" అన్నాను.

"విసుగుతోనా?"

నాకు ఎదురుగా నీళ్ల మేడం గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"తెలియదు. విసుగు పుట్టినా చెయ్యి లేస్తుంది, మనసు ఎక్కడికో వెళ్లినా లేస్తుంది. మా పరీక్షకు ఆ తేడా తెలియదు."

"మీకెలా అనిపిస్తుంది?"

"నాకు ఇష్టం" అన్నాను. అక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ సగం చెప్పి ఊరుకోవడం నాకు అలవాటు లేదు. "నా భార్య పోయి ఏడాది దాటింది. అందువల్ల నా ఇష్టాన్ని మీరు లెక్కలోకి తీసుకోకండి."

యజమాని పైకప్పు వైపు చూశాడు. వచ్చినాయన చాలా మర్యాదగా, నిజంగా బాధపడుతూ రెండు మాటలు అన్నాడు. ఆ తరవాత కాసేపు ఎవరూ ఏమీ అనలేకపోయారు. చివరికి ఆయనే, "అయితే ఆడేవాళ్లకే వదిలేద్దాం. ఒక బటన్ పెట్టండి. కావాలనుకున్నవాళ్లు పడవలో వస్తారు, వద్దనుకున్నవాళ్లు నొక్కితే వెంటనే ఈ ఒడ్డున ఉంటారు" అన్నాడు.

అందరికీ ఊపిరి ఆడింది. మొసళ్లు లేవు, ప్రయాణికుడు లేడు, ఖాళీ పడవ పోలేదు. యజమాని నా భుజం నొక్కి, "నిలబెట్టారండి మాస్టారూ" అన్నాడు. నేను నీళ్ల మేడం కోసం చూశాను. గోడ దగ్గర లేదు.

ఆమె బయట, సున్నం ఆరని మెట్ల పక్కన నిలబడి ఉంది.

"పడవ ఉందమ్మా" అన్నాను.

"బటన్ పెట్టినంక ఉన్నట్టా సార్? మెట్లున్న ఇంట్ల లిఫ్ట్ పెట్టినట్టు. మెట్లుంటయ్. ఎవ్వరెక్కరు."

"కొంతమంది ఎక్కుతారు."

"మీరైనా నొక్కుతరు. మోకాళ్లు నొచ్చిన దినం నొక్కుతరు, ఇగ మల్ల ఎక్కరు." నావైపు తిరిగింది. "మీరు అబద్ధం చెప్పలే సార్. నిజమే చెప్పిన్రు. చెప్పి పక్కకు జరిగిన్రు."

"నా ఇష్టం దేనివల్లో నాకే తెలియనప్పుడు, దాన్ని ఆయన నెత్తిన ఎలా పెట్టను?"

"మీకు తెల్వకుంటే నాకు తెలుసు కద. నాకెవ్వరు పోలే సార్. మా అమ్మ నాయిన మంచిగున్నరు. ఇంట్ల ఏ ఫికర్ లేదు. నాకు గూడ ఆ వాపస్ అంటే పానం. నన్ను అడగమని ఒక్క మాట అనొచ్చు కద. ఆమె గా గోడ కాడనే ఉంది, ఆమెను అడుగుండ్రి అని."

ఆమె మాటల్లో కోపం తక్కువ, అలసట ఎక్కువ. లోపలినుంచి ఎవరో ఆమెను పిలిచారు. నీళ్ల రంగు గురించి విదేశీయాయన ఏదో అడుగుతున్నాడట. వెళ్లిపోయింది.

మీలో ఇలాంటి గదుల్లో కూర్చునేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. నేను ఆ రోజు అన్న మాటలు నిజమని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ దుఃఖంలో ఉన్నవాడి నిజాయితీ గదిలో చాలా చోటు తీసుకుంటుంది. అది వినగానే మిగతావాళ్లు మర్యాదగా తప్పుకుంటారు. ఆ తరవాత ఇంకెవరికీ మాట్లాడే వీలుండదు. ఆటలో ఆ చోటు బాగుందా లేదా అన్న మామూలు ప్రశ్నకు మామూలు జవాబు ఇవ్వగల మనిషి ఆ గదిలో ఒక్కరే ఉన్నారు. ఆమెను ఎవరూ అడగలేదు.

బటన్ పెట్టాక దాన్ని పరీక్షించాల్సి వచ్చింది. ప్రతి మనిషి దగ్గరా ఒకసారి నొక్కి, ఒకసారి నొక్కకుండా చూడాలి. నొక్కే పరీక్షలు మిగతావాళ్లకు ఇచ్చాను, అవి త్వరగా అయిపోతాయి. నొక్కనివి నేను పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, ఆమె తన డబ్బా తీసుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. దుర్గం చెరువు వైపు రోడ్డు వేస్తున్నారని ఆ వారం వెళ్లడం లేదు. నేను నీళ్లలో చెయ్యి పెట్టే పిల్లను అవతల దింపాను. పడవ తిరిగింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆటలో సాయంకాలపు వెలుతురు నీళ్ల మీద మారే పద్ధతి ఆమె ఎంత కష్టపడి రాసిందో నాకు తెలుసు. అలలు ఒకదానికొకటి పోలికలేకుండా వచ్చాయి.

"మంచిగొచ్చినయ్ కద సార్."

"బాగా వచ్చాయమ్మా."

ఒడ్డు చేరింది. ఆమె డబ్బా మూత పెట్టుకుని లేచింది. మా మధ్య మెట్ల దగ్గరి మాటలు మళ్లీ రాలేదు. దుర్గం చెరువుకు కలిసి వెళ్లడం కూడా మళ్లీ జరగలేదు.

ఆట బయటికొచ్చి బాగానే అమ్ముడుపోయింది. విదేశీ పత్రికలు మొహాలను మెచ్చుకున్నాయి, ముసలాయనను మెచ్చుకున్నాయి, ఎగిరే పడవ ఏదని నిలదీశాయి. నీళ్ల గురించి ఎవరూ రాయలేదు. ఆడినవాళ్లలో ఎక్కువమంది బటన్ నొక్కేస్తున్నారని ఆ సంస్థ తరవాత మాకు తెలియజేసింది. ఆరో భాగం మాకే వచ్చింది. అందులో నీటిపిల్లికి తమ్ముణ్ణి పెట్టాం. యజమాని నిజంగానే అద్దాల భవనంలోకి మారాడు. డ్రైవరుకు సొంత జీపు వచ్చింది. నీళ్ల మేడం ఆరో భాగం మొదలుకాకముందే ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిలోకి వెళ్లిపోయింది. అక్కడ నీళ్లు ఉండవు కదమ్మా అంటే, "ఉండయ్ సార్, గందుకే" అంది.

నేను మరికొన్నేళ్లు చేసి విరమించాను. మౌలాలిలో అదే ఇల్లు.

కిందటి ఏడు పుప్పాలగూడలో మా అన్నయ్య కూతురి ఫ్లాటుకు వెళ్లినప్పుడు, పెద్ద టీవీ మీద ఆ ఆటే కనిపించింది. మా రీమేక్‌కు మళ్లీ రీమేక్. తను ఆఫీసు అలసట పోవడానికి ఆడుకుంటోంది. మేక వెంట్రుకలు విడివిడిగా కదులుతున్నాయి. ఆవిడ మొహంలో చెమట కనిపిస్తోంది. ఆమెను అవతలి ఒడ్డున దింపగానే తెర ఒక్కసారి రెప్ప వేసింది. ముసలాయన పడవలో కూర్చుని ఉన్నాడు.

"వెనక్కి ఎలా వచ్చాం?" అన్నాను.

"వచ్చేశాం బాబాయ్. అంతే."

"ఏ బటన్ నొక్కావు?"

"బటనేంటి?"

ఆ సాయంత్రం నీళ్ల మేడంకు ఫోన్ చేశాను. బాచుపల్లిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాట్లాడుకుంటాం. కొత్త ఆట చూశానని చెప్పాను.

"నీళ్లెట్లున్నయ్ సార్?"

"చాలా బాగున్నాయి."

"మనకంటేనా?"

"మనకంటే బాగున్నాయమ్మా."

కొంచెంసేపు ఫోన్‌లో ఆమె కాలేజీ బస్సుల చప్పుడు వినిపించింది.

"చూసెటందుకు టైం ఇచ్చిన్రా మరి?"

లేదని చెప్పాను. ఆ ఆటలో ఇప్పుడు పడవ ఖాళీగా వెనక్కి రాదు.